ఉత్తర ధ్రువం పిలిచింది, దక్షిణ ధ్రువం పలికింది
వైర్‌లెస్ యోధుడు ఎర్నెస్ట్ క్రెంకెల్ జీవిత విశేషాలు

ఊళ్లోకి టెలిగ్రాం వచ్చిందంటే పొయ్యి మీద ఎసరు అలాగే వదిలేసి ఆడవాళ్లు వీధిలోకి వచ్చే రోజులు మన పెద్దవాళ్లకు గుర్తే. తంతి ఆఫీసులో టకటకమని మోగిన మీట మోసుకొచ్చింది చావు కబురో, ఉద్యోగం కబురో కాగితం విప్పి చదివేదాకా ఎవరికీ తెలిసేది కాదు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సర్వీసు మూతపడింది. ఇప్పుడు గుంటూరు యార్డులో మిర్చి ధర ఎంత పలికిందో రైతు చేలో ఉండగానే సెల్‌ఫోనులో తెలుసుకుంటున్నాడు. కాని ఆ టకటకల భాష మాత్రం చచ్చిపోలేదు. రాత్రిపూట అందరూ నిద్రపోయాక, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎన్నడూ మొహం చూడని మనిషితో ఆ భాషలో కబుర్లాడే వాళ్లు ప్రపంచమంతటా వేలాది మంది ఇంకా ఉన్నారు.

అలా భూమి ఆ కొస నుంచి ఈ కొసకు స్నేహం చేసిన ఒక మనిషి కథ ఇది. ఆయన పేరు ఎర్నెస్ట్ క్రెంకెల్. దేశం సోవియట్ యూనియన్. ఒకప్పుడు ఆ దేశంలో బడిపిల్లలకు కూడా తెలిసిన పేరు. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ‘సోవియట్ భూమి’ పత్రిక తెప్పించుకుని చదివిన తరం ఉంది. ఆ నున్నటి కాగితాలను బడి పుస్తకాలకు అట్టలుగా వేసుకున్న తరం కూడా ఉంది. ఆ తరాల వారికి మంచు సముద్రాలు, అందులో చిక్కుకున్న ఓడల బొమ్మలు కొత్తవి కావు.

చుక్క, గీత

ముందు ఆ భాష సంగతి చెప్పుకోవాలి. అమెరికాకు చెందిన శామ్యూల్ మోర్స్ పేరు మీద దాన్ని మోర్స్ కోడ్ అంటారు. అందులో ఉన్నవి రెండే శబ్దాలు. ఒకటి పొట్టిది, దాన్ని కాగితం మీద చుక్కగా రాస్తారు. రెండోది పొడుగుది, దాన్ని గీతగా రాస్తారు. ఈ రెంటినీ రకరకాలుగా కలిపితే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు అన్నీ వస్తాయి. మొదట్లో ఇది తీగ మీద నడిచింది. తర్వాత తీగ లేకుండా గాలిలోనే నడిచింది.

వైర్‌లెస్ వచ్చాక దాన్ని జీతం కోసం కాక సరదా కొద్దీ నేర్చుకున్న వాళ్లు బయలుదేరారు. వీళ్లనే అమెచ్యూర్లు అనీ, హ్యాములు అనీ అంటారు. పెద్ద కంపెనీలు, ప్రభుత్వాలు పొడుగు తరంగాలను తమకు అట్టిపెట్టుకుని, ఎందుకూ పనికిరావనుకున్న పొట్టి తరంగాలను వీళ్లకు వదిలేశాయి. అసలు విశేషం అక్కడే బయటపడింది. 1923 నవంబరులో ఫ్రాన్సులోని ఒక అమెచ్యూర్, అమెరికాలోని ఇంకో అమెచ్యూర్ ఆ పొట్టి తరంగాల మీదే అట్లాంటిక్ సముద్రానికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మాట్లాడుకున్నారు.

దీని కిటుకు తెలుసుకోవడం కష్టం కాదు. మన పిల్లలు చెరువు గట్టున నిలబడి పెంకును ఏటవాలుగా విసిరితే అది నీళ్లను తాకుతూ కప్పగంతులు వేసుకుంటూ పోతుంది. పొట్టి తరంగాలు కూడా అలాగే పోతాయి. మన తలల పైన చాలా ఎత్తులో, సూర్యుడి కిరణాలకు విద్యుత్తు నింపుకున్న ఒక పొర ఉంది. తరంగం పైకి పోయి ఆ పొరను తాకి కిందికి దిగుతుంది, నేలను తాకి మళ్లీ పైకి లేస్తుంది. ఇట్లా గంతులు వేసుకుంటూ, ఒక్క బల్బు వెలిగేంత కరెంటుతో కూడా వేల కిలోమీటర్లు పోగలదు. మాస్కో రేడియో తెలుగు ప్రసారాలు మన ఊళ్లలో వినపడింది ఈ దారినే.

పోస్టర్లు అంటించిన కుర్రవాడు

క్రెంకెల్ 1903 డిసెంబరు 24న బ్యాలిస్టోక్ పట్నంలో పుట్టారు. అది అప్పట్లో రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది, ఇప్పుడు పోలెండులో ఉంది. తండ్రి ఉపాధ్యాయుడు. కుటుంబం తర్వాత మాస్కో చేరింది. ఇంతలో యుద్ధం, విప్లవం, ఆ వెంటనే అంతర్యుద్ధం వచ్చి పడ్డాయి. తిండికి కటకటలాడే రోజులు. చదువు సాగుబాటు కాక కుర్రవాడు దొరికిన పనల్లా చేశాడు. పార్సిళ్లు కట్టాడు, గోడల మీద పోస్టర్లు అంటించాడు, కరెంటు పనివాడి దగ్గర చేతికింద పని చేశాడు.

1921లో రేడియో టెలిగ్రాఫ్ తరగతుల్లో చేరడంతో దారి మారింది. మోర్స్ కోడ్ ఆయన వేళ్లకు తేలిగ్గా పట్టుబడింది. పాసయ్యాక ఒక వైర్‌లెస్ స్టేషనులో పనికి కుదిరారు. కాని ఊరికే కూర్చునే మనిషి కాదు. ఓడలో ఉద్యోగం పట్టి దేశదేశాలు చూడాలన్న ఆశతో 1924లో లెనిన్‌గ్రాడ్ వెళ్లారు. వెచ్చటి దేశాలకు పోయే ఓడలో చోటు దొరకలేదు. ఉత్తరాన మంచు సముద్రంలోని నొవాయా జెమ్ల్యా దీవుల్లో ఒక స్టేషనుకు మనిషి కావలసి వచ్చింది. సరేనని వెళ్లారు. ఏడాదికి ఒకసారి ఓడ వచ్చే చోటు అది. చలికాలంలో నెలల తరబడి సూర్యుడు కనపడడు. బయటి లోకంతో ఉన్న చుట్టరికమల్లా ఆ వైర్‌లెస్ ఒక్కటే. మరొకరైతే ఒక్క ఏడాదితో దండం పెట్టి వచ్చేవారు. క్రెంకెల్‌ను మాత్రం ఉత్తరం కట్టి పడేసింది. 1927లో మళ్లీ అక్కడికే వెళ్లారు. ఈసారి వెంట పొట్టి తరంగాల యంత్రం తీసుకుపోయారు.

ఆ రోజుల్లోనే ఈ సరదా ఎంత పెద్ద పనికొస్తుందో లోకానికి తెలిసింది. 1928 మే 25న ఇటలీకి చెందిన నోబిలే అనే సేనాని నడిపిన గాలి ఓడ ఉత్తర ధ్రువం నుంచి తిరిగి వస్తూ మంచు మీద కూలిపోయింది. బతికిన వాళ్లు చిన్న వైర్‌లెస్ పెట్టెతో రోజుల తరబడి కేకలు పెట్టారు. వాళ్ల కోసమే కాచుకుని ఉన్న సొంత ఓడకు ఆ కేక వినపడలేదు. జూన్ 3న అది రష్యాలోని వోజ్నెసెన్యే వోఖ్మా అనే మారుమూల పల్లెలో, నికొలాయ్ ష్మిట్ అనే అమెచ్యూర్ సొంతంగా తయారు చేసుకున్న రిసీవరులో వినపడింది. ఆ పల్లెటూరి కుర్రవాడు వెంటనే మాస్కోకు తంతి కొట్టించాడు. సోవియట్ మంచుకోత ఓడ వెళ్లి మంచు మీద ఉన్నవాళ్లను కాపాడింది.

1930 జనవరి 12

1929లో సోవియట్ ప్రభుత్వం ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ అనే మంచు దీవుల్లో కొత్త పరిశోధన కేంద్రం నెలకొల్పింది. ఉత్తర ధ్రువానికి వెయ్యి కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరంలో ఉంటుందది. చలికాలం గడపడానికి ఏడుగురు మిగిలారు. వారిలో వైర్‌లెస్ మనిషి క్రెంకెల్.

అమెచ్యూర్లలో ఒక ఆచారం ఉంది. ఎవరితోనైనా సరే మాట్లాడాలని ఉంటే ‘సి క్యూ’ అనే రెండు అక్షరాలు కొడతారు. వింటున్న వాళ్లెవరైనా పలకండి అని దాని అర్థం. విన్నవాడు ఏ దేశం వాడైనా, ఏ జాతి వాడైనా పలుకుతాడు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇబ్బంది లేదు. మూడేసి అక్షరాల పొట్టి సంకేతాలు అందరికీ ఒకటే. పేరేమిటి, ఊరేది, వాతావరణం ఎలా ఉంది, నా పిలుపు ఎంత బాగా వినపడుతోంది అనేవన్నీ వాటితోనే అడగవచ్చు. చివరికి 73 అని అంకె కొడితే శుభాకాంక్షలు చెప్పినట్టు.

1930 జనవరి 12న క్రెంకెల్ అలాగే పిలుపు ఇచ్చారు. ఎక్కడి నుంచో ఒక స్టేషను పలికింది. ఎవరు, ఎక్కడ అని అడిగారు. వచ్చిన జవాబు చూసి ఆయనకే నమ్మకం కలగలేదు. పలికింది దక్షిణ ధ్రువ ఖండంలోని లిటిల్ అమెరికా. అమెరికా వాడైన అడ్మిరల్ రిచర్డ్ బర్డ్ బృందం విడిది చేసిన చోటు. అంతకు ఆరు వారాల కిందటే, 1929 నవంబరు 29న, బర్డ్ విమానంలో దక్షిణ ధ్రువం మీదుగా ఎగిరి వచ్చారు. 42 మంది అక్కడ చలికాలం గడిపారు.

రెండు స్టేషన్ల మధ్య దూరం దాదాపు 20 వేల కిలోమీటర్లు. భూమి మీద ఇద్దరు మనుషులు అంతకంటే దూరంగా ఉండటం సాధ్యం కాదు. క్రెంకెల్ కూర్చున్న చోట నెలల తరబడి చీకటి. అవతలి మనిషి కూర్చున్న చోట అర్ధరాత్రి కూడా ఎండ. ఒకరిది సోవియట్ దేశం, ఒకరిది అమెరికా. ఆనాటికి ఆ రెండు ప్రభుత్వాల మధ్య రాయబారులు కూడా లేరు, 1933లో గాని రాలేదు. ప్రభుత్వాలు పలకరించుకోని కాలంలో, తలో ధ్రువం దగ్గర చలికి వణుకుతున్న ఇద్దరు మనుషులు చుక్కలతో గీతలతో తమ తమ వాతావరణం, యోగక్షేమాలు చెప్పుకున్నారు. వైర్‌లెస్ చరిత్రలో దూరానికి అది రికార్డుగా నిలిచింది.

మంచులో మునిగిన ఓడ

తర్వాత ఏళ్లలో క్రెంకెల్ లేని ఉత్తర యాత్ర లేదన్నట్టుగా నడిచింది. 1931లో జర్మనీ వారి గ్రాఫ్ జెప్లిన్ గాలి ఓడలో ఉత్తర సముద్రం మీదికి వెళ్లారు. 1932లో సిబిర్యకోవ్ ఓడలో రష్యా ఉత్తర తీరం వెంట ఒకే వేసవిలో పసిఫిక్ దాకా చేరిన యాత్రలో పాల్గొన్నారు.

1933లో చెల్యుస్కిన్ అనే ఓడ అదే దారిన బయలుదేరింది. దాదాపు చివరిదాకా పోయి మంచులో ఇరుక్కుంది. నెలల తరబడి మంచుతోపాటు కొట్టుకుపోయి, 1934 ఫిబ్రవరి 13న మంచు నొక్కిడికి పొట్ట పగిలి మునిగిపోయింది. ఒక్కరు ఓడతో పోయారు. 104 మంది మంచు మీదికి దిగి ప్రాణాలు దక్కించుకున్నారు. అందులో పదిమంది ఆడవాళ్లు, ఇద్దరు పసిపాపలు. వారిలో ఒక పాప ఓడలోనే పుట్టింది.

చుట్టూ గడ్డకట్టిన సముద్రం. తీరం ఎంతో దూరం. తాము బతికి ఉన్నామన్న సంగతి ఎవరికీ తెలియదు. మునిగే ఓడలో నుంచి క్రెంకెల్ బృందం వైర్‌లెస్ పెట్టెను, బ్యాటరీలను పైకి చేర్చింది. మంచుగాలిలో గుడారం వేసి, గుంజ నిలబెట్టి తీగ కట్టారు. వేళ్లు కొంకర్లు పోయే చలిలో ఆయన మీట పట్టుకుని కూర్చున్నారు. మొదట పలికినవారు లేరు. ఎడతెగకుండా పిలవగా, తీరంలోని ఉయెలెన్ స్టేషనులో లుద్మీలా ష్రాదర్ అనే యువతి ఆ పిలుపు అందుకున్నారు. ఆ క్షణంతో 104 మంది ప్రాణాలకు ఒక దారం దొరికింది.

ఆ దారం తెగకుండా రెండు నెలలు కాపాడవలసి వచ్చింది. బ్యాటరీలు అయిపోతే మాట ఆగిపోతుంది. కనుక ఒక్కో చుక్కను, ఒక్కో గీతను లెక్క చూసి ఖర్చు పెట్టారు. మంచు మీద మనుషులు పారలతో, గునపాలతో విమానం దిగే చోటు చదును చేసేవారు. మంచు బీటలు వారితే ఇంకో చోట మొదలుపెట్టేవారు. ఏ రోజు గాలి ఎలా ఉంది, ఎక్కడ దిగాలి అన్న కబురు క్రెంకెల్ గుడారం నుంచే పోయేది. మార్చి 5న మొదటి విమానం వచ్చి ఆడవాళ్లను, పిల్లలను తీసుకుపోయింది. ఏప్రిల్ 13న చివరి బృందం కదిలింది. క్రెంకెల్ ఆ చివరి బృందంలోని మనిషి. స్టేషను మూసివేస్తున్నట్టు కబురు కొట్టి, ఓడ పేరుకు గుర్తయిన నాలుగక్షరాల పిలుపును కడసారి గాలిలోకి వదిలి లేచారు. మంచు మీదికి చేరిన 104 మందిలో ఒక్కరు కూడా పోలేదు.

ఆ నాలుగు అక్షరాలు ఆర్, ఎ, ఇ, ఎం. చుక్క గీత చుక్క, చుక్క గీత, చుక్క, గీత గీత. ఓడ సముద్రం అడుగుకు పోయినా పేరు పోలేదు. అమెచ్యూర్‌గా మాట్లాడేటప్పుడు వాడుకోవడానికి ఆ పిలుపును క్రెంకెల్‌కే ఇచ్చారు. జీవితాంతం ఆయన అదే పేరుతో లోకాన్ని పలకరించారు.

తేలే మంచుగడ్డ మీద తొమ్మిది నెలలు

1937 మే 21న నలుగురు మనుషులు, ఒక కుక్క విమానంలో ఉత్తర ధ్రువం దగ్గర మంచుగడ్డ మీద దిగారు. నాయకుడు పపానిన్, శాస్త్రజ్ఞులు షిర్షోవ్, ఫ్యొదొరోవ్, వైర్‌లెస్‌కు క్రెంకెల్. కింద మూడు మీటర్ల మందాన మంచు, దాని కింద వేల మీటర్ల లోతు సముద్రం. గాలి ఉన్నప్పుడు గాలిమరతో బ్యాటరీలు నింపేవారు. గాలి లేనప్పుడు మనుషులే యంత్రం తిప్పేవారు. రోజూ వాతావరణ వివరాలు పంపడం క్రెంకెల్ పని. ఆ జూన్‌లో చ్కాలోవ్ అనే విమానచోదకుడు మాస్కో నుంచి ధ్రువం మీదుగా అమెరికాకు ఆగకుండా ఎగిరినప్పుడు దారిలో వాతావరణం చెప్పింది ఈ గుడారమే.

పని అయ్యాక తీరిక చిక్కితే ఆయన ఊరుకునేవారు కాదు. మళ్లీ సి క్యూ కొట్టి అమెచ్యూర్లను పిలిచేవారు. భూమి నెత్తి మీది నుంచి పిలుపు రావడం విన్నవారికి పండగే. మంచుగడ్డ దక్షిణానికి కొట్టుకుపోతూ 274 రోజుల్లో రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. 1938 ఫిబ్రవరి 1 నాటి తుపానులో అది పగిలిపోయి, 300 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు ముక్క మిగిలింది. అయినా వాతావరణ కబురు ఆగలేదు. ఫిబ్రవరి 19న రెండు ఓడలు వచ్చి వారిని దింపుకున్నాయి. దేశం నలుగురికీ సోవియట్ యూనియన్ వీరుడు అనే అత్యున్నత బిరుదు ఇచ్చింది.

యుద్ధం మూసిన నోళ్లు

1939లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. దేశాలు ఒకదాని తర్వాత ఒకటి అమెచ్యూర్ల నోళ్లు మూయించాయి. మన దేశంలో కూడా బ్రిటిష్ ప్రభుత్వం వారి యంత్రాలను అప్పగించమని ఉత్తర్వులు ఇచ్చింది. నిన్నటిదాకా రాత్రిపూట కబుర్లాడుకున్నవారు శత్రుదేశాల మనుషులయ్యారు. యుద్ధం ముగిశాక గాలిలో మళ్లీ పిలుపులు మొదలైనప్పుడు, పాత గొంతుల్లో ఎన్నో తిరిగి వినపడలేదు. మోర్స్‌లో గొంతు ఏమిటని అనుకోవద్దు. చేతిరాతలాగే మీట కొట్టే తీరు కూడా ఒక్కొక్కరిది ఒక్కో రకం. అలవాటైన చెవి రెండు అక్షరాలు వినగానే మనిషిని గుర్తుపడుతుంది.

క్రెంకెల్ ఆ తర్వాత వాతావరణ పరికరాల పరిశోధన సంస్థలో పనిచేశారు. మనుషులు ఉండలేని చోట్ల తమంతట తామే గాలి, వాన కొలిచి కబురు పంపే యంత్రాల మీద కృషి చేశారు. చివరి ఏళ్లలో ఆ సంస్థకు డైరెక్టరయ్యారు. సోవియట్ అమెచ్యూర్లకు, తపాలా బిళ్లలు సేకరించేవారికి పెద్ద దిక్కుగా ఉన్నారు. ఈ రెండు సరదాలకూ దగ్గర చుట్టరికం ఉంది. అమెచ్యూర్లు గాలిలో మాట్లాడుకున్నాక, మాట్లాడుకున్నామన్న దానికి గుర్తుగా ఒకరికొకరు కార్డు ముక్క పంపుకుంటారు. పెళ్లి శుభలేఖలు దాచుకున్నట్టు వాటిని దాచుకుంటారు.

1968లో ఆయనకు 65వ ఏడు నడుస్తుండగా, ప్రొఫెసర్ జుబోవ్ అనే పరిశోధన ఓడకు యాత్రా నాయకుడిగా పంపారు. ఓడ ఎటు పోయిందంటే దక్షిణ ధ్రువ ఖండానికి. యువకుడిగా చీకటి గదిలో కూర్చుని ఏ మంచు నేలతో మాట్లాడారో, 38 ఏళ్ల తర్వాత ఆ నేల దిక్కుకు ఓడలో వెళ్లారు.

క్రెంకెల్ 1971 డిసెంబరు 8న మాస్కోలో కన్నుమూశారు. తన పిలుపు అక్షరాలనే పేరుగా పెట్టి రాసిన ఆత్మకథ ఇంగ్లీషులో 1978లో వెలువడింది. ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లోని పరిశోధన కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. ఏటా డిసెంబరులో ప్రపంచ అమెచ్యూర్లు ఆయన జ్ఞాపకార్థం మోర్స్ కోడ్‌లోనే పోటీ జరుపుతారు.

మన తీరానికి ఈ కథతో పనేమిటి

1977 నవంబరు 19 రాత్రిని మన తీరం మరవలేదు. దివిసీమను, గుంటూరు జిల్లా తీర గ్రామాలను ఉప్పెన ముంచినప్పుడు స్తంభాలు కూలాయి, తీగలు తెగాయి. ఏ ఊళ్లో ఎవరు బతికి ఉన్నారో బయటికి తెలియడానికి రోజులు పట్టింది. ఇవాళ చేతిలో సెల్‌ఫోను ఉంది కదా అనుకుంటాం. కాని టవరు కూలినా, దానికి కరెంటు పోయినా ఆ ఫోను బొమ్మే.

2004 డిసెంబరు 26న ఇదే జరిగింది. సునామీ మన ప్రకాశం, గుంటూరు తీరాల్లోనూ ప్రాణాలు తీసింది. అండమాన్ దీవులకైతే బయటి లోకంతో సంబంధాలు తెగిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. ఆ దీవుల నుంచి ప్రపంచ అమెచ్యూర్లను పలకరించడానికి అనుమతి తీసుకుని వెళ్లారు. స్నేహం కోసం తీసుకుపోయిన యంత్రమే ఆ వేళ క్షేమ సమాచారాలు మోసింది. దీవుల్లోని వారి కబురు ప్రధాన భూభాగంలోని అయినవారికి చేరింది.

క్రెంకెల్ జీవితం చెప్పేదీ ఇదే. దూరాన ఉన్న అపరిచితుడు పిలిస్తే పలకడం అలవాటైన చెవికే ఆపదలో ఉన్నవాడి కేక కూడా వినపడుతుంది. మన దేశంలో 12 ఏళ్లు నిండిన వారెవరైనా పరీక్ష రాసి అమెచ్యూర్ లైసెన్సు తీసుకోవచ్చు. చిన్న రిసీవరు, పెరట్లో రెండు గుంజల మధ్య కట్టిన తీగ ఉంటే వినడం ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. నిజాంపట్నం నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంట ప్రతి పెద్ద ఊళ్లో ఒక్కరైనా ఈ విద్య నేర్చి ఉంటే, ఈసారి తీగలు తెగిన రాత్రి మన ఊరి కబురు ఊళ్లోనే ఆగిపోదు.